ఊరికే ఒక గంట

పోయిన నెల మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. మనవరాలు ఏడో తరగతి చదువుతోంది. ఈ ఏడు నుంచి వాళ్ళ స్కూల్లో ఫౌండేషన్ కోర్సు మొదలుపెట్టారు. పొద్దున ఏడింటికి బస్సెక్కిన పిల్ల సాయంత్రం అయిదింటికి దిగుతుంది. ఆరింటికి లెక్కల ట్యూషన్, ఎనిమిదింటికి అన్నం, ఆ తర్వాత హోంవర్కు. శనివారం టెస్టు. "ఎంత కూర్చోబెట్టినా వెనకబడిపోతోంది నాన్నా. నువ్వు అన్నేళ్ళు కాలేజీకి టైమ్ టేబుల్ వేశావు కదా, దీనికి కూడా ఒకటి వేసి పంపు. ఒక పద్ధతిలో పడుతుంది" అంది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కదల్లేదు నేను. మా అమ్మాయి అడగవలసిన మనిషినే అడిగింది. విజయవాడకీ గుంటూరుకీ మధ్య ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్ళు లెక్కలు చెప్పాను. చేరిన రెండో ఏడు నుంచి రిటైరయ్యేదాకా అక్కడి టైమ్ టేబుల్ నేనే వేశాను. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

టైమ్ టేబుల్ వెయ్యడమంటే గడులు గీసి సబ్జెక్టుల పేర్లు నింపడమేగా అనుకుంటారు చూసేవాళ్ళు. మాకు పద్నాలుగు సెక్షన్లు, ముప్పైమంది లెక్చరర్లు. ఒకే గంటలో ఒక మనిషి రెండు గదుల్లో పడకూడదు. ఫిజిక్స్ మాస్టారికి గొంతు బాగుండదు, వరసగా మూడు క్లాసులు వెయ్యకూడదు. లెక్కలు పొద్దున్నే పడాలి. భోజనం తర్వాత మొదటి గంటలో ఎవరేం చెప్పినా ఎక్కదు కాబట్టి అక్కడ ఇంగ్లీషో సంస్కృతమో సర్దాలి. జూన్ మొదటివారంలో పెద్ద చార్టు కాగితం నేలమీద పరుచుకుని, పెన్సిలు, స్కేలు, రబ్బరు దగ్గర పెట్టుకుని మూడు రాత్రులు కూర్చునేవాణ్ణి. కంప్యూటర్లు వచ్చాక కూడా ముందు కాగితం మీద వేసుకున్నాకే దాన్ని ముట్టుకునేవాణ్ణి.

నేను మొదట్లో వేసిన పట్టికలో పిల్లలు 4:45కి లేవాలి. 5:15 నుంచి ఏడింటి దాకా స్టడీ అవర్. స్నానాలు, టిఫిన్లు. ఎనిమిది నుంచి 12:30 దాకా క్లాసులు. ముప్పావుగంట భోజనం. 1:15 నుంచి 4:45 దాకా మళ్ళీ క్లాసులు. అక్కడ ఒక గంట గేమ్స్, అరగంట స్నాక్స్. 6:15 నుంచి ఎనిమిది దాకా, అన్నాలయ్యాక 8:45 నుంచి 10:45 దాకా స్టడీ అవర్లు. కూడితే పదమూడున్నర గంటల చదువు. పదకొండింటికి కన్ను మూతపడిందనుకుంటే 5 గంటల 45 నిమిషాల నిద్ర. ఎదిగే వయసు పిల్లలకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర ఉండాలంటారు వైద్యులు. పట్టిక వేసిన ఇన్నేళ్ళలో చదువు గంటలు ఎన్నిసార్లు కూడానో లెక్కలేదు. నిద్ర గంటలు ఒక్కసారి కూడా కూడలేదు.

2003లో ఆ గేమ్స్ గంట పోయింది. పక్క కాలేజీలో సాయంత్రంపూట రోజూ స్లిప్ టెస్టు పెడుతున్నారని, అందుకే వాళ్ళ ర్యాంకులు ఎక్కువ వస్తున్నాయని యాజమాన్యం మీటింగు పెట్టింది. "ఆ గంటలో మన పిల్లలు ఏం చేస్తున్నారు? సగంమంది మెట్లమీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు" అన్నారు. ఆ మాట నిజమే. మా గ్రౌండంటే బస్సులు తిప్పుకునే ఖాళీ జాగా, దాన్లో ఒక వాలీబాల్ నెట్టు. ఆడేవాళ్ళు పాతికమంది ఉంటే మిగతావాళ్ళు మెట్లమీదే ఉండేవాళ్ళు. "మీరేమంటారు మాస్టారూ?" అని నన్నడిగారు. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. ఉద్యోగం తీసేస్తామని ఎవరూ అనలేదు. "సర్దవచ్చండీ" అన్నాను. పద్నాలుగు సెక్షన్లు, ఆరు రోజులు, మొత్తం 84 గడులు. ఆ రాత్రే రబ్బరు పెట్టి 84 గడుల్లోనూ 'గేమ్స్' చెరిపి 'స్లిప్ టెస్ట్' అని రాశాను. ఎక్కడా క్లాష్ రాకుండా ఎంత చక్కగా కుదిరిందోనని మెచ్చుకున్నారు కూడా.

మొదటి నెల మార్కులు పెరిగాయి. తర్వాత పెరగలేదు. దీన్ని నేను కళ్ళారా చూశాను, దిద్దిన పేపర్లలో చూశాను. ఒక పిల్లవాడు పొద్దున చేసిన లెక్కలూ రాత్రి పదింటి తర్వాత చేసిన లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. పద్ధతంతా సరిగ్గానే వస్తుంది, మైనస్ గుర్తు జారిపోతుంది. ఇంటిగ్రేషన్ మొత్తం చేసి చివర లిమిట్స్ వెయ్యడం మరిచిపోతాడు. ఏడుని ఒకటిగా చదువుకుంటాడు. అది తెలివి లేకపోవడం కాదు, నిద్ర లేకపోవడం. మేము దానికి ఎర్రర్ లిస్టు అని పెట్టాం, తప్పు పోయిన ప్రతి లెక్కా అయిదుసార్లు రాసి చూపించాలి. అది రాయడానికి ఇంకో అరగంట నిద్ర పోయేది. మర్నాడు ఇంకో మైనస్ జారేది.

ఆ ఏడు దసరా సెలవులు అయి వచ్చాక ఒక పిల్లవాడు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ప్రకాశం జిల్లా, పొగాకు రైతు కొడుకు. మంచి సెక్షన్లో ఉన్నాడు, మాట తక్కువ. "సార్, పొద్దుగూకేటప్పుడు డాబామీద ఒక పది నిమిషాలు నిలబడొచ్చా?" అన్నాడు. దేనికిరా అన్నాను. "ఊరికే సార్."

డాబా తలుపుకి తాళం ఉండేది. వార్డెన్ని అడిగితే, ఒకడికి ఇస్తే ఆరువందల మందికీ ఇవ్వాల్సి వస్తుందన్నాడు. అతని భయం అతనిది. ఆదివారం చూద్దాంలే అని పిల్లవాడికి చెప్పాను. ఆదివారం గ్రాండ్ టెస్టు పడింది. వాడు మళ్ళీ అడగలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.

ఆ పిల్లవాడికి ఏ హానీ జరగలేదు. మంచి ర్యాంకు వచ్చింది, ఇంజనీరింగ్ చదివాడు, ఉద్యోగంలో ఉన్నాడు. కాలేజీ బ్రోచర్లో ఫొటో కూడా వేశారు. వాడి సంగతే ఎందుకు చెబుతున్నానంటే, మన దగ్గర ఈ చదువుల గురించి మాట వచ్చేది ఒక బిడ్డ ప్రాణం పోయినప్పుడే. వారం రోజులు పేపర్లలో రాస్తారు, టీవీల్లో మాట్లాడతారు, తర్వాత అడ్మిషన్లు మొదలవుతాయి. ప్రాణాలతో బయటపడ్డ లక్షలమంది దగ్గర్నుంచి ఏం తీసుకున్నామో ఎవరూ లెక్క వెయ్యరు. ఆ పిల్లవాడి దగ్గర నేను తీసుకున్నది పది నిమిషాల సాయంత్రం. రెండేళ్ళలో దాదాపు ఆరువందల సాయంత్రాలు.

'ఊరికే' అన్న మాట తర్వాత చాలాకాలం నా మనసులో తిరిగింది. ఎంత మంచి మాట అది మనకి. ఏ కారణమూ లేకుండా అని ఒక అర్థం, పైసా తీసుకోకుండా అని ఒక అర్థం. మా ఇళ్ళల్లో పిల్లలు ఎక్కడికెళ్ళొచ్చినా ఎందుకెళ్ళావంటే 'ఊరికే' అనేవాళ్ళం, పెద్దవాళ్ళు సరే అనేవాళ్ళు. ఇవాళ ఆ జవాబుని ఏ తల్లీ తండ్రీ ఒప్పుకోవడం లేదు. ఈతకి పంపితే పతకం రావాలి, సంగీతానికి పంపితే సర్టిఫికెట్ రావాలి, చదరంగం నేర్పితే లెక్కలు బాగా రావాలి. ఊరికే చేసే పని ఒక్కటీ పిల్లల రోజులో మిగల్లేదు.

మాది రేపల్లె దగ్గర ఒక పల్లె. నాన్న కౌలు రైతు. నా బాల్యం బంగారమని చెప్పబోవడం లేదు. గేదెలు తోలుకెళ్ళడం, కుడితి పెట్టడం, నాట్ల రోజుల్లో బడి మానడం అన్నీ ఉన్నాయి. కాకపోతే బడి వదిలాక దీపాలు పెట్టేవేళ దాకా మేమెక్కడున్నామో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. కాలవగట్టు మీద కర్రాబిళ్ళ ఆడేవాళ్ళం. చింతచెట్టు ఎక్కి కోతికొమ్మచ్చి ఆడేవాళ్ళం. ఆట ఎంతసేపు జరిగేదో అంతసేపూ తగువు జరిగేది. ఎవరు దొంగ, ఎవరు కొమ్మ ముందు ముట్టారు, బిళ్ళ గీత దాటిందా లేదా. తీర్పు చెప్పే పెద్దమనిషి ఉండడు. అలిగి వెళ్ళిపోయినవాణ్ణి మర్నాడు మేమే పిలుచుకురావాలి, లేకపోతే జట్టుకి మనిషి చాలడు. మనిషితో ఎలా మెలగాలో నేను నేర్చుకున్నదంతా అక్కడే. తర్వాత చదివిన ఎమ్మెస్సీలో అది లేదు.

ఇక్కడ ఒకటి దాచకుండా చెప్పాలి. ఆ చింతచెట్టు మీద మా అక్క లేదు. నాకన్నా రెండేళ్ళు పెద్దది. మేము ఆటకి పరిగెత్తే వేళకి దాని చేతిలో అంట్లగిన్నెలు ఉండేవి, చంకలో మా చెల్లెలు ఉండేది. వామనగుంటలో అష్టాచమ్మో ఆడుకుందామని కూర్చుంటే అమ్మ పిలుపు వచ్చేది. పాతరోజుల్లో పిల్లలందరూ హాయిగా ఉండేవాళ్ళని ఎవరైనా అంటే నాకు మా అక్కే కనబడుతుంది. ఆ స్వేచ్ఛ అప్పుడూ అందరికీ దక్కలేదు. ఆడపిల్లలకి కూడా ఆ చెట్టు దక్కేలా చూడవలసిన కాలం వచ్చేసరికి, మగపిల్లలని కూడా చెట్టు దించేసి లోపల కూర్చోబెట్టాం.

నేను ఇంటర్లో ఉండగా, 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. కాలేజీలు నెలల తరబడి మూతబడ్డాయి. చదువులు ఒక ఏడాది వెనక్కి పోయాయి. మేమంతా ఊళ్ళకి పోయి పొలాల్లో తిరిగాం, దొరికిన నవలలన్నీ చదివాం. ఉద్యమంలో ప్రాణాలు పోయిన ఇళ్ళ కష్టం వేరు, దాన్ని తక్కువ చెయ్యను. చదువు సంగతికొస్తే మాత్రం, ఆ ఏడాది పోయినందువల్ల బతుకు పోయినవాడు నా బ్యాచ్‌లో ఒక్కడూ లేడు. మాస్టార్లమయ్యాం, గుమాస్తాలమయ్యాం, వ్యవసాయం చేశాం. మా ఇళ్ళల్లో ఇవాళ ఒక పూట టెస్టు తప్పితే అన్నం సయించడం లేదు.

తల్లిదండ్రులని తిట్టడం నాకు చేతకాదు. 1986లో ఎంసెట్ వచ్చింది. డొనేషన్ కట్టలేని ఇంటి పిల్లలకి ర్యాంకు అనేది ఒక తలుపు తీసింది. క్యాపిటేషన్ ఫీజుల మీద సుప్రీంకోర్టు 1992లో ఒక తీర్పు, 1993లో మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఉన్నికృష్ణన్ కేసులో ఇంకో తీర్పు చెప్పాక ఆ తలుపు ఇంకొంచెం తెరుచుకుంది. తొంభైల చివరికి జిల్లా జిల్లాకీ ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి, కంప్యూటర్ ఉద్యోగాలు వచ్చాయి, ఊళ్ళో ఒకళ్ళ పిల్లవాడు అమెరికా వెళ్తే ఆ ఊరంతటికీ దారి కనబడింది. కులబలం, ధనబలం, సిఫారసు ఏదీ లేకుండా పైకి రావడానికి మన రైతుకి దొరికిన ఒకే ఒక్క నిచ్చెన అది. ఎకరం అమ్మి ఫీజు కట్టిన తండ్రుల చేతులు పట్టుకున్నాను నేను. రెండో ఆదివారం పులిహోర, పెరుగన్నం క్యారియర్లలో సర్దుకుని, రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి వచ్చి, మా వేపచెట్ల కింద తువ్వాలు పరిచి పిల్లలకి తినిపించేవాళ్ళు. ముద్ద నోట్లో పెడుతూనే "ఈ వారం ఎన్నొచ్చాయిరా?" అని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్నకి పిల్లవాడు నమలడం ఆపేసేవాడు. అది ప్రేమే. అయితే అది ముద్దతో పాటు లోపలికి పోయేది, ఇంకెప్పటికీ బయటికి వచ్చేది కాదు.

నేను నేరుగా చెప్పగలిగిన సంగతి ఒకటుంది, అది లెక్క. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్ళు 14 లక్షలకి పైన. 23 ఐఐటీల్లోనూ కలిపి సీట్లు 17,740. అదే ఏడు నీట్ రాసినవాళ్ళు 23 లక్షలకి పైన, దేశం మొత్తంలో ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. పిల్లలందరూ రోజుకి ఒక గంట ఎక్కువ చదివితే సీట్లు పెరుగుతాయా? ఒక్కటి కూడా పెరగదు. ర్యాంకు అంటే వరస. అందరూ తలా ఒక అడుగు ముందుకి వేస్తే వరస మారదు. 2003లో నేను గేమ్స్ గంట చెరిపిన ఏడాదే పక్క కాలేజీ ఆదివారం మధ్యాహ్నం చెరిపింది. తర్వాతి ఏడు మేము ఆ మధ్యాహ్నం చెరిపాం, వాళ్ళు దసరా సెలవులు కుదించారు. ఎవరి ర్యాంకులు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. పోయింది పిల్లల సాయంత్రం ఒక్కటే. ఇంటర్లో చెరపడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి పోటీ తొమ్మిదికి దిగింది, ఎనిమిదికి దిగింది, ఇప్పుడు ఆరో తరగతిలో ఫౌండేషన్ అంటున్నారు. పదకొండేళ్ళ పిల్లకి ఏం పునాది వేస్తున్నారు? చిన్నపిల్లలకి గుణకారమూ భిన్నాలూ తీరిగ్గా అర్థమైతే చాలు, అదే పునాది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ మాట బాధ్యతతో అంటున్నాను. పైగా ఒక వంక ఇంత రాపిడి జరుగుతుంటే ఇంకో వంక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా వేల ఇంజనీరింగ్ సీట్లు భర్తీ కాకుండా మిగిలిపోతున్నాయి.

ఇవేవీ ప్రభుత్వాలకి తెలియనివి కావు. నామినేటెడ్ సభ్యుడిగా రాజ్యసభలో ఉన్న రచయిత ఆర్.కె. నారాయణ్ 1989లో పిల్లల పుస్తకాల సంచుల గురించి, పోతున్న బాల్యం గురించి మాట్లాడారు. యశ్‌పాల్ కమిటీ 1993లో నివేదిక ఇచ్చింది. వీపుమీద మోసే బరువు కన్నా అర్థం కాని చదువు బరువే ఎక్కువ హానికరమన్నది దాని సారం. పాఠం చెప్పేవాడెవడైనా దాన్ని కాదనలేడు. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో విద్యార్థుల మరణాల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదారెడ్డి కమిటీ, విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో 2017లో చక్రపాణి కమిటీ వేశారు. పదహారేళ్ళలోపు పిల్లలని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇక విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కి వచ్చిన పదిహేడేళ్ళ అమ్మాయి 2023లో చనిపోయిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకి మించి పిల్లలున్న చోట కౌన్సెలర్ ఉండాలని, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దని, నలుగురిలో పిల్లల్ని అవమానించొద్దని అందులో ఉంది. మన రాష్ట్రం పేరు మీద దేశానికి ఆ ఆదేశం వెళ్ళింది. అది మనకి గౌరవం కాదు.

ఈ కమిటీల నివేదికలు ఏమవుతాయో నాకు తెలుసు. వాటిని కాగితానికే పరిమితం చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మా కాలేజీలో రెండు టైమ్ టేబుళ్ళు ఉండేవి. ఒకటి ఆఫీసు గదిలో ఫ్రేము కట్టించి గోడకి తగిలించింది, దాన్లో గేమ్స్ గంట ఉంటుంది, ఆదివారం సెలవు ఉంటుంది, మోరల్ క్లాసు కూడా ఉంటుంది. రెండోది క్లాసుల్లో నడిచేది. తనిఖీకి వచ్చినవాళ్ళు గోడమీది కాగితం చూసి, కాఫీ తాగి, రిజిస్టర్లో సంతకం పెట్టి వెళ్ళేవాళ్ళు. ఎవరూ సాయంత్రం అయిదింటికి గ్రౌండులోకి వచ్చి నిలబడలేదు. ఆ రెండు పట్టికలూ వేసింది నేనే, ఒకే పెన్సిలుతో.

2019 ఏప్రిల్ నాకు మరుపు రాదు. తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. పరీక్ష రాసినవాళ్ళకి రాయలేదని పడింది, మంచి మార్కులు రావలసినవాళ్ళకి సున్నాలు పడ్డాయి. ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. నేను అప్పటికి రిటైరై నాలుగేళ్ళు. పేపరు చదువుతూ ఒకటే అనుకున్నాను: తప్పు కంప్యూటర్లో దొర్లి ఉండొచ్చు, మార్కులు పోతే ఇంకేమీ మిగలదని ఆ పిల్లలకి నేర్పింది మాత్రం మేమే. దేశంలో 2022 ఒక్క ఏడాదిలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఇది చదివే పిల్లలెవరికైనా మనసు అలాంటి చోట ఉంటే, 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. ర్యాంకు రాని పిల్లలని వేలమందిని చూశాను నేను. బతుకులో స్థిరపడ్డారు, పెళ్ళిళ్ళకి పిలుస్తారు, కాళ్ళకి దండం పెడతారు. నన్ను నమ్మండి.

నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. పగటి వెలుగులో ఒక గంట, వారంలో ఒక పూర్తి రోజు. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా ఇంటర్మీడియట్ బోర్డు కింద ఉన్న ఏ కాలేజీలోనూ క్లాసు, టెస్టు, స్టడీ ఏదీ ఉండకూడదు. ఆదివారం ఏ పరీక్షా ఉండకూడదు. ఒక కాలేజీ తనంతట తాను ఈ గంట వదలలేదు, పక్కవాడు వదలడు కాబట్టి. అందుకే ఇది అందరికీ ఒకేసారి రావాలి, ప్రభుత్వమే చెయ్యాలి. అందరూ ఒకేసారి వదిలితే ఒక్క ర్యాంకు కూడా అటూ ఇటూ కాదని పైన లెక్క చూపించాను. నడుస్తున్న టైమ్ టేబుల్ గేటు బయట అంటించాలి, దాన్లో పిల్లలు ఎన్నింటికి లేస్తున్నారో, ఎన్నింటికి పడుకుంటున్నారో ఉండాలి. అడ్మిషన్ ఫారంతో పాటు తల్లీ తండ్రీ ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. ఎంతమంది తల్లులు '5 గంటల 45 నిమిషాల నిద్ర' అన్న గడి పక్కన సంతకం పెడతారో చూద్దాం. తనిఖీ అధికారి సాయంత్రం అయిదింటికే రావాలి, చెప్పకుండా రావాలి.

ఆ గంటలో కోచ్‌ని పెట్టి ఆట నేర్పిస్తామంటారు, యోగా చేయిస్తామంటారు, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ అంటారు. వద్దు. దయచేసి దాన్ని నింపకండి. మెట్లమీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటే చెప్పుకోనివ్వండి. మేము వృథా అని చెరిపేసిన ఆ కబుర్లలోనే ఒకడు ఇంకొకడికి 'నాకు ఈ కెమిస్ట్రీ ఎక్కడం లేదురా, భయమేస్తోంది' అని చెప్పుకునేవాడు. ఇంకొకడు 'నాకూ అంతేరా' అనేవాడు. ఏ కౌన్సెలరూ ఇవ్వలేని మందు అది. గేమ్స్ గంట పోయాక ఆ మాట చెప్పుకోవడానికి వాళ్ళకి చోటు లేకుండా పోయింది. డాబా తలుపు తియ్యండి. భయముంటే ఒక మనిషిని కాపలా పెట్టండి, జీతం ఇవ్వండి. పిల్లలు కట్టే ఫీజులో ఆ మాత్రం ఉంటుంది.

మా అమ్మాయికి టైమ్ టేబుల్ వేసి పంపాను. పాత అలవాటు, చార్టు కాగితం మీదే వేసి, కొరియర్ చేశాను. లెక్కల ట్యూషన్ తీసేశాను, వారానికి మూడు రోజులు ఫోన్లో నేనే చెబుతానన్నాను. రాత్రి తొమ్మిదింటికి పడక. బస్సు దిగి, మొహం కడుక్కుని, ఏదైనా తిన్నాక ఆరు నుంచి ఏడు దాకా ఏడు రోజులకీ ఏడు గడులు ఖాళీగా వదిలాను. కాగితం అందిన రోజు మనవరాలు ఫోన్ చేసింది. "తాతయ్యా, ఏడు గడుల్లో రాయడం మర్చిపోయావు, అక్కడ ఏం రాసుకోను?" అంది. పన్నెండేళ్ళ పిల్లకి ఖాళీగా వదిలిన గంట, తాతయ్య చేసిన తప్పులా కనబడింది. ఏం రాయక్కర్లేదమ్మా, ఆ గంట నీది అన్నాను. "నాది అంటే ఏం చెయ్యాలి?" అంది.

మొదటి వారం ఆ పిల్ల ఆ గంటంతా అమ్మ చుట్టూ తిరిగి, తోచడం లేదని ఏడ్చిందట. మా అమ్మాయి కోపంగా ఫోన్ చేసింది. కొన్నాళ్ళు ఓర్చుకోమ్మా, చేతిలో ఫోన్ మాత్రం పెట్టకు అని చెప్పాను. రెండో వారం ఒకరోజు నిద్రపోయింది. ఒకరోజు కింద ఇస్త్రీ బండి దగ్గర నిలబడి బొగ్గుల పెట్టె ఎలా రాజేస్తాడో చూసిందట. తర్వాత వాచ్‌మన్ కూతురితో తొక్కుడుబిళ్ళ మొదలైంది, ఇద్దరికీ గీతల దగ్గర తగువు వచ్చింది, రెండు రోజులు మాటల్లేవు, మూడోరోజు మళ్ళీ కలిశారు.

మొన్న నేను ఫోన్లో ఉండగానే పిల్ల పైకి వచ్చింది. "ఇంతసేపూ ఎక్కడున్నావే, ఏం చేశావు?" అని వాళ్ళమ్మ అడగడం వినబడింది.

"ఊరికే" అంది.